కామకురాలో ఫునాకోషి స్మారక శిల చూడబోయేవాళ్లకు: దారి, మర్యాద, శిల మీది రాత

ఓరుగల్లు_డోజో
అందరికీ నమస్కారం. ఏప్రిల్ ఆఖర్న మా డోజో (కరాటే బడి) నుంచి 14 మందిమి జపాన్ పోతున్నం. 9 మంది పెద్దలు, ఐదుగురు పిల్లలు, అందరూ తొమ్మిదో తరగతి లోపువాళ్లే. కామకురాలో ఎంగాకు-జి గుడి ఆవరణలో ఉన్న కరాటే గురువు గిచిన్ ఫునాకోషి స్మారకానికి ఒక పూట పెట్టుకున్నం. అడగాల్సినవి ఇవి. టోక్యో నుంచి ఏ రైలు ఎక్కాలె? ఎంత సేపు పడుతది? కరాటే డ్రెస్‌లో వెళ్లి శిల ముందు కటా (వరుస కదలికల అభ్యాసం) వేయొచ్చా? కొబ్బరికాయ, పూలదండ లాంటివి పట్టుకపోవచ్చా? శిల మీద ఏముందో పిల్లలకు ముందే చెప్పాలని ఉంది. తెలిసినవాళ్లు వివరంగ రాయండి.

యోకోసుకా_లైన్
దారి సంగతి నేను చెప్తాను మాస్టారూ. దిగాల్సిన స్టేషన్ కితా-కామకురా. కామకురా కాదు, దానికి ఒక స్టేషన్ ముందు. టోక్యో స్టేషన్ నుంచి జేఆర్ యోకోసుకా లైన్‌లో మారకుండా వెళ్లొచ్చు, గంటకు కొంచెం తక్కువ పడుతుంది. షింజుకు వైపు బస చేస్తే షోనాన్-షింజుకు లైన్, సమయం దాదాపు అంతే.

జనం పొరబడేది మూడు చోట్ల.

మొదటిది టోక్యో స్టేషన్‌లోనే. యోకోసుకా లైన్ ప్లాట్‌ఫారాలు భూమి లోపల చాలా కిందికి ఉంటాయి. షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) దిగి అక్కడికి చేరాలంటే పిల్లలతో పది నిమిషాలు పెట్టుకోండి. పైన కనిపించే తోకైదో లైన్ ప్లాట్‌ఫారాలు వేరు. ఆ రైలెక్కినా ఓఫునా దాకా వెళ్తారు, అక్కడ దిగి యోకోసుకా లైన్‌కు మారాలి.

రెండోది షోనాన్-షింజుకు లైన్‌లో. ఈ పేరుతో నడిచే రైళ్లన్నీ ఒకే ఊరికి పోవు. జుషి వెళ్లేవి కితా-కామకురాలో ఆగుతాయి. ఒదవారా వైపు వెళ్లేవి ఓఫునా దాటగానే వేరే పట్టాల మీద ఫుజిసావాకు పోతాయి. బోర్డు మీద లైను పేరు కాదు, చివరి స్టేషన్ పేరు చూసుకోవాలి. జుషి గానీ కురిహామా గానీ ఉంటే నిశ్చింతగా ఎక్కండి. యోకోసుకా లైన్‌లో కూడా కొన్ని బళ్లు ఓఫునాతోనే ఆగిపోతాయి.

మూడోది కితా-కామకురాలో దిగాక. స్టేషన్ చిన్నది, ప్లాట్‌ఫారం మాత్రం బాగా పొడుగు, సన్నగా ఉంటుంది. 14 మంది గుంపుగా నిలబడితే వెనకవాళ్లకు దారి ఉండదు. దిగగానే రైలు వెళ్లే దిక్కుకే, ఒకరి వెనక ఒకరు నడిచి బయటికి వచ్చాక లెక్క చూసుకోండి. గుడి మొదటి ద్వారం అక్కణ్నుంచి రెండు నిమిషాల్లోపు.

పెద్ద పెట్టెలు తీసుకురావొద్దు. ద్వారం దగ్గర మొదలయ్యే రాతిమెట్లు లోపల కూడా ఉన్నాయి, చక్రాల పెట్టెలు లాగే చోటు కాదు.

గుడిమెట్లు
ప్రవేశ రుసుము పెద్దలకు 500 యెన్లు, ప్రాథమిక, మాధ్యమిక పాఠశాల పిల్లలకు 200. జపాన్‌లో మాధ్యమిక పాఠశాల అంటే మన తొమ్మిదో తరగతి వరకు, కాబట్టి మీ ఐదుగురికీ పిల్లల టికెట్టే. 4,500, 1,000, మొత్తం 5,500 యెన్లు. నోట్లుగా విడిగా పెట్టుకుని ఒక్కరే వెళ్లి తీసుకుంటే కౌంటర్ దగ్గర వరుస ఆగదు.

మూసే వేళ చలికాలంలో నాలుగు గంటలు, మిగతా నెలల్లో నాలుగున్నర. మధ్యాహ్నం మూడున్నరకు వచ్చి అన్నీ చూద్దామంటే కుదరదు. పొద్దున్నే తెరిచే వేళకు చేరడం మంచిది. మీరు వెళ్లేటప్పుడు గోల్డెన్ వీక్ సెలవులు మొదలవుతాయి, ఏప్రిల్ 29 ప్రభుత్వ సెలవు. పది దాటితే స్టేషన్ బయటే కిటకిట. జూన్‌లో హైడ్రాంజియా పూలకు, నవంబర్ చివర మేపుల్ ఆకులకు కూడా అంతే రద్దీ.

శిల ఎక్కడుందో వెతుక్కుంటూ ప్రాంగణమంతా తిరగకండి, ఇది కొండల నడుమ లోయలో లోపలికంటా పరుచుకున్న గుడి. ఫునాకోషి గిచిన్ పేరును జపాన్ లిపిలో పెద్ద అక్షరాలతో ఫోన్‌లో దాచుకుని టికెట్ కౌంటర్‌లో చూపిస్తే పటం మీద గుర్తు పెట్టి ఇస్తారు. నోటితో 'కరాటే, కరాటే' అంటే అవతలివాళ్లకు ఏం కావాలో తెలియదు.

బెజవాడ_బ్రౌన్‌బెల్ట్
ఫునాకోషి గారి సమాధి అక్కడే కదండీ? 1957లో పోయాక అక్కడే కట్టారని విన్నాను.

షోతో_విశాఖ
సమాధి కాదు తమ్ముడూ, స్మారక శిల. ఈ తేడా తెలిస్తే అక్కడ ఎలా మసలాలో సగం తెలిసినట్టే. జపాన్‌లో సమాధి రాయి మీద నీళ్లు పోస్తారు, జంటగా పూలు పెడతారు. స్మారక శిలకు అవేవీ లేవు.

ఆయన 1957 ఏప్రిల్ 26న కన్నుమూశారు. శిల నిలబెట్టింది 1968 డిసెంబర్ 1న. అది ఆయన పుట్టిన నూరో ఏడు. శిష్యుల సంఘం షోతోకాయ్ పెట్టించింది. రూపకల్పన కెంజి ఒగాతాది. శిల మీది 'కరాటే ని సెంతే నాషి' అనే దస్తూరి అప్పటి ఎంగాకు-జి ప్రధానాచార్యులు అసాహినా సోగెన్‌ది. దానికి కుడిపక్కన ఉన్నది ఫునాకోషి 1922లో తాను పుట్టిన దీవి ఒకినావా నుంచి టోక్యోకు వస్తూ రాసుకున్న పద్యం. దక్షిణ సముద్రంలోని దీవిలో ఒక గొప్ప విద్య ఉందని, అది క్షీణించిపోతోందని, దాన్ని నిలబెట్టే పని తాను కాకపోతే ఇంకెవరు చేస్తారని ఆకాశం సాక్షిగా ప్రతిన పూనిన పద్యమది.

పక్కనే రెండో రాయి ఉంది. చాలామంది దీన్ని చూడకుండానే వచ్చేస్తారు. ఆయన జీవితమంతా అందులో ఉంది. అది రాసినాయన ఓహామా నోబుమోతో, వసెదా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా చేసిన ఒకినావా మనిషి. ఒకినావాలోని షురిలో జననం, పదకొండో ఏట నుంచి అజాతో, ఇతోసు అనే గురువులిద్దరి దగ్గరా శిక్షణ, 1922 మేలో టోక్యోకు రాక, 88 ఏళ్ల జీవితం. ఇవన్నీ ఆ రాతి మీదే ఉన్నాయి. ఆఖరున 'కెన్ జెన్ ఇచి' అన్నారు. పిడికిలి, ధ్యానం రెండూ ఒకటేనని. జెన్ గుడిలో కరాటే గురువు శిల ఎందుకుందని ఎవరైనా అడిగితే జవాబు ఆ మూడు మాటల్లో ఉంది.

పిల్లలు పుస్తకాల్లో 1870లో పుట్టారని చూసి అడగొచ్చు. వైద్య కళాశాల పరీక్షకు 1870 లేదా తర్వాత పుట్టినవాళ్లే అర్హులు కావడంతో రికార్డులో ఏడాది మార్పించుకున్నానని ఆయనే ఆత్మకథలో రాశారు. రెండు సంవత్సరాలు కనపడేది అందుకు. అసలుది 1868.

చెక్కిన_అక్షరం
భాష సంగతి నేను రాస్తాను, ఎందుకంటే శిల మీది 'కరాటే ని సెంతే నాషి' తెలుగువాళ్లకు చాలా దగ్గరగా వస్తుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చి మన దగ్గర 'కరాటేలో మొదటి దాడి లేదు' అయింది. తప్పు కాదు గానీ రసం పోయింది.

జపనీస్‌లో మాటల వరుస మన వరుసే. కరాటే. ని, అంటే లో. సెంతే. నాషి, అంటే లేదు. 'కరాటేలో సెంతే లేదు.' ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపనక్కర్లేదు. సెంతేను విడదీస్తే సెన్ అంటే ముందు, తె అంటే చెయ్యి. ముందు-చెయ్యి. కరాటేలో ఉన్న తె కూడా ఇదే. ఇక మన తెలుగులో కొట్టడాన్ని ఏమంటాం? 'చెయ్యి చేసుకోవడం' అంటాం. కాబట్టి 'ముందుగా చెయ్యి చేసుకోవడం కరాటేలో లేదు' అంటే పదో ఏటి పిల్లాడికి కూడా ఒక్కసారికే అందుతుంది. గో ఆటలో, షోగి ఆటలో మొదటి ఎత్తు వేసేవాణ్ని కూడా సెంతే అనే అంటారు. ఆ వాసన కూడా మాటలో ఉంది.

పిల్లలకు ఒక పని ఇవ్వండి మాస్టారూ. ఈ వాక్యం అచ్చులో రాస్తే ఏడు అక్షరాలు. రెండోది, ఐదోది ఒకటే. అదే 'చెయ్యి'. ఒక కాగితం మీద అచ్చుది పెద్దగా వేసి అందరికీ ఇవ్వండి. శిల ముందు నిలబడి ఆ రెండు చేతులనూ వాళ్లనే వెతకమనండి. కుంచె రాత అచ్చులా ఉండదు. గీతలు కలిసిపోతాయి, చివర్లు జారిపోతాయి. ముందే చూసుకుని వెళ్లకపోతే ఏమీ గుర్తుపట్టలేరు. పైనుంచి కిందికి చదవాలి, ఒకటికి మించి వరుసలుంటే కుడి నుంచి ఎడమకు. పద్యం కుడి పక్కన ఎందుకుందో దీన్నిబట్టే తెలుస్తుంది, చదివేవాడి కన్ను ముందు దాని మీదే పడుతుంది.

బెజవాడ_బ్రౌన్‌బెల్ట్
అయితే అవతలివాడు కొట్టేదాకా ఆగాలా? కుమితేలో (ఇద్దరు తలపడే పోటీలో) అలా ఆగితే పాయింటు పోతుంది కదా.

షోతో_విశాఖ
కుమితే మ్యాటుకూ ఈ వాక్యానికీ సంబంధం లేదు. మ్యాట్ మీద ఇద్దరూ ఒప్పుకుని దిగారు, రెఫరీ 'హాజిమే' అన్నాడు. అక్కడ దాడి అనే మాటకు ఉన్న అర్థమే వేరు. ఈ వాక్యం బయటి బతుకు గురించి.

బయట కూడా దెబ్బ తినేదాకా నిలబడమని కాదు. మబుని కెన్వా లాంటి ఆ తరం గురువులు దీన్ని స్పష్టంగా రాశారు. అవతలివాడు హాని తలపెట్టి కదిలాక ముందు నీ చెయ్యి తగిలినా అది సెంతే కాదు, ఎందుకంటే ముందు కదిలింది వాడి బుద్ధి. గొడవను మొదలుపెట్టే బుద్ధి నీది కాకూడదన్నదే సారం. కటాల్లో ఇది కనిపిస్తుంది. హెయాన్ షోదాన్ మొదటి కదలిక గెదాన్ బరాయ్, కిందికి వచ్చే దెబ్బను తప్పించడం. పిల్లలకు చెప్పేటప్పుడు అక్కణ్నుంచే మొదలుపెట్టండి, వాక్యం ఒంట్లోకి దిగుతుంది.

ఇంకొకటి. చాలా డోజోల్లో ఈ వాక్యాన్ని డోజో కున్‌లో భాగం అనుకుంటారు. డోజో కున్ క్లాసు చివర చెప్పే ఐదు వాక్యాలు. ఇది ఫునాకోషి రాసిన ఇరవై సూత్రాలు, నిజు కున్‌లో రెండోది. మొదటిది 'కరాటే వందనంతో మొదలై వందనంతో ముగుస్తుంది' అన్నది. శిల ముందు చేయాల్సిన పని ఆ మొదటి సూత్రంలోనే ఉంది.

ఓరుగల్లు_డోజో
చెయ్యి చేసుకోవడం అన్న మాట బాగ కుదిరింది సార్, మా డోజో గోడ మీద ఇప్పుడున్న వాక్యం మార్పిస్త. మరి కటా సంగతి? పిల్లలు హెయాన్ షోదాన్ ఒక్కటే వేస్తమంటున్నరు.

గుడిమెట్లు
వద్దన్నా. ముందుగా రాసి అనుమతి తీసుకోకుండా మాత్రం అసలే వద్దు. ఎంగాకు-జి చూడ్డానికి మిగిలిన పాత కట్టడం కాదు. 1282లో హోజో తోకిమునే కట్టించిన, జెన్ బౌద్ధంలో రిన్‌జాయ్ శాఖ మఠం, ఈరోజుకీ సన్యాసుల శిక్షణ నడుస్తోంది, సాధారణ జనం ధ్యానానికి కూర్చునే తరగతులు నడుస్తున్నాయి. 14 మంది ఒకేసారి 'కియాయ్' అరుపు అరిస్తే లోయంతా మోగుతుంది.

డ్రెస్ విషయం. రైల్లో, దారిలో గీ (కరాటే డ్రెస్) వేసుకుని తిరగకండి. డోజో బయట గీ మీద మామూలు బట్టలు ఉండాలన్నది జపాన్‌లో పాత మర్యాద. అందరూ ఒకే రంగు చొక్కా, ముదురు ప్యాంటు వేసుకుంటే చాలు. బెల్టులు బ్యాగులో కూడా అక్కర్లేదు.

శిల ముందు ఇలా చేయండి. టోపీలు, చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసేయాలి. ఏడుగురు ఏడుగురుగా రెండు వరుసలు, దారికి అడ్డం రాకుండా. మడమలు కలిపి, చేతులు తొడల పక్కన, వీపు వంకర కాకుండా నడుము నుంచి ముప్పై డిగ్రీలు వంగి, లోపల మూడు లెక్కపెట్టుకుని లేవాలి. ఒక్కసారి చాలు. 'ఓస్' అని (కరాటేవాళ్ల పలకరింపు) అరవొద్దు. ఆ మాట అన్ని శైలుల్లోనూ లేదు, పైగా మఠంలో గొంతు పెంచడమే తప్పు. చప్పట్లు కూడా కొట్టకూడదు, చప్పట్లు షింతో మందిరాల్లో. ఇది బౌద్ధ గుడి, ఇక్కడ చేతులు జోడిస్తే చాలు, మన నమస్కారమే. జపనీస్‌లో గాష్షో అంటారు. పిల్లలకు దీన్ని కొత్తగా నేర్పాల్సిన పనే లేదు.

ద్వారాల దగ్గర గడప తొక్కకుండా దాటాలి. ఇదీ మనింటి అలవాటే. దాటేముందు తల వంచి వెళ్లండి.

నాహా_తే
కొబ్బరికాయ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు, నేనిస్తాను. కొట్టకూడదు, పెట్టకూడదు. పసుపు, కుంకుమ, గంధం, నూనె ఏవీ రాయికి తగలకూడదు. భక్తి తక్కువై కాదు. రాయికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి. పసుపు రంగు, నూనె వాటిలోకి దిగితే తుడిచినా రావు, చెక్కిన గాడిలో దిగితే అసలే రావు. దండ అక్షరాల మీద వేలాడితే తడి అక్కడే నిలిచి పాచి పడుతుంది. కామకురాలో చలికాలం రాత్రిళ్లు మంచు కురుస్తుంది. గాడిలోని తడి గడ్డకట్టి ఉబ్బితే రాయి అంచులు పెళుసుబారతాయి. అందుకే మంచి ఉద్దేశంతోనైనా నీళ్లు పోసి కడగొద్దు, పాచి గీకొద్దు. అక్షరాలు ఫోటోలో తెల్లగా కనిపించాలని సుద్ద పూసేవాళ్లుంటారు, ఆ పని పొరపాటున కూడా చేయకండి. కాగితం అద్ది సిరాతో అచ్చు తీయడానికి కూడా గుడి అనుమతి కావాలి.

పూలు ఇవ్వాలనిపిస్తే చిన్న గుత్తి ఒక్కటి చాలు, ముళ్ల పూలు వద్దు. పెట్టడానికి పాత్ర ఉంటేనే పెట్టండి, చుట్టిన ప్లాస్టిక్ వెంట తెచ్చేసుకోండి. బయట చెత్తబుట్టలు దొరకవు, కాబట్టి ఖాళీ సంచి ఒకటి ఉండాలి. అగరుబత్తి ధూపపాత్ర ఉన్న చోటే. వెలిగించాక మంటను నోటితో ఊదకుండా చేత్తో విసిరి ఆర్పాలి, ఇదీ మన పద్ధతే.

బెజవాడ_బ్రౌన్‌బెల్ట్
ఫోటోలో అక్షరాలు కనపడాలంటే సుద్ద లేకుండా ఎలాగండీ? నెట్లో చూసిన ఫోటోలు చాలావాటిలో రాయి తప్ప ఏమీ కనపడలేదు.

చెక్కిన_అక్షరం
ఎదురుగా నిలబడి ఫ్లాష్ వేయడం వల్ల. చెక్కిన అక్షరం కనపడేది రంగుతో కాదు, గాడిలో పడే నీడతో. ఎదురు వెలుగు నీడను చంపేస్తుంది. పక్కనుంచి వెలుగు పడే వేళ చూసుకోండి. ఆ లోయలో చెట్ల నీడ ఎక్కువ, మిట్టమధ్యాహ్నం ఎండ ఆకుల సందుల్లోంచి మచ్చలుగా పడి ఫోటో పాడవుతుంది. పల్చటి మబ్బున్న పొద్దుటి పూట దానికంటే మేలు. శిలకు నేరుగా కాకుండా ఒక పక్కకు జరిగి, ఫోన్‌లో అక్షరం మీద వేలు పెట్టి ఫోకస్ చేసి, వెలుతురును రెండు గీతలు తగ్గించండి. గాడులు నల్లగా తేలుతాయి.

రెండు ఫోటోలు విడిగా తీసుకోండి. మనుషులు లేని శిల ఒకటి, గుంపుది ఒకటి. గుంపు ఫోటోలో రాయి మీద చెయ్యి ఆనించి, మోచెయ్యి పెట్టి నిలబడొద్దు. పిడికిళ్లు బిగించి పోజులు కూడా ఆ వాక్యం ముందు బాగోవు. స్టాండులు, సెల్ఫీ కర్రలు గదిలోనే వదిలేయండి.

షోతో_విశాఖ
పిడికిలి పోజు గురించి నేనూ అదే అనబోయాను. పతకాలు వేసుకుని ఫోటో దిగేవాళ్లకూ ఒక మాట. ఈ శిల పెట్టించిన షోతోకాయ్ పోటీలకు దూరంగా ఉండే పరంపర. గురువు పోయాక పోటీల విషయం సహా అనేక కారణాల వల్ల శిష్యులు రెండు దారులయ్యారు. రెండు దారులవాళ్లూ ఇక్కడికి వస్తారు. పతకాలు ఇంట్లో ఉంచి రావడం అందరికీ గౌరవం.

వర్ధంతి 26న కాబట్టి ఏప్రిల్ ఆఖర్న పరంపరలోవాళ్లు శిల దగ్గర కూడతారు. మీరు వెళ్లినప్పుడు కార్యక్రమం నడుస్తుంటే దూరంగా ఆగండి, మధ్యలోకి వెళ్లి వరుసలో నిలబడకండి. అయ్యాక మీ వంతు.

బెజవాడ_బ్రౌన్‌బెల్ట్
ఇంకో సందేహం. జెన్ గుడి అంటే బోధిధర్ముడి పరంపరే కదా. ఆయన మన దక్షిణాది నుంచి వెళ్లి కుంగ్‌ఫూ నేర్పితే అదే కరాటే అయిందంటారు. పిల్లలకు అదే చెబితే బాగుంటుందేమో?

షోతో_విశాఖ
చెప్పొద్దు. బోధిధర్ముడు చైనాకు యుద్ధవిద్య తీసుకెళ్లాడనేది వెయ్యేళ్ల తర్వాతి రాతల్లో పుట్టిన కథ, దానికి ఆధారం లేదు. కరాటే ఒకినావాలో పెరిగింది. స్థానికంగా 'తె' అనే విద్య, ఫుజియాన్ వైపు నుంచి వచ్చిన చైనా పద్ధతులు కలిసి అయింది.

మనవైపు నుంచి నిజమైన దారం ఒకటుంది, అది చెప్పండి. కరాటేలో 'కర'ను మొదట్లో చైనా అనే అర్థమిచ్చే అక్షరంతో రాసేవారు, చైనా చెయ్యి అన్నమాట. 1929 ప్రాంతంలో కేయో విశ్వవిద్యాలయ కరాటే బృందం దాన్ని ఖాళీ అనే అర్థమున్న అక్షరానికి మార్చింది. ఫునాకోషి ఈ మార్పును గట్టిగా నిలబెట్టారు. ఈ ఎంగాకు-జికి అప్పటి ఆచార్యులైన ఫురుకావా గ్యోదోతో ఆయనకున్న సాంగత్యం ఆ ఆలోచనకు తోడైంది. 1936 అక్టోబర్ 25న ఒకినావాలోని నాహా నగరంలో గురువులు కూడి ఈ పేరుకే ఒప్పుకున్నారు. ఆ తేదీనే ఒకినావాలో కరాటే దినం చేస్తారు.

ఆ అక్షరం ఒట్టి ఖాళీ కాదు. జెన్ మఠాల్లో రోజూ చదివే ప్రజ్ఞాపారమితా హృదయంలో 'రూపం శూన్యతా, శూన్యతైవ రూపం' అని వస్తుంది. జపనీస్‌లో 'షికి సోకు జే కూ, కూ సోకు జే షికి'. ఆ 'కూ', కరాటేలోని 'కర' ఒకే అక్షరం, చదివే తీరే వేరు. ఫునాకోషి తన పుస్తకంలో ఈ వాక్యాన్నే చూపించారు. శూన్యతను సిద్ధాంతంగా నిలబెట్టిన నాగార్జునుడి పేరు మోస్తున్న కొండ మన కృష్ణ మీది జలాశయంలో దీవిగా ఉంది. ఆయన మాధ్యమిక దర్శనం నుంచి జెన్ దాకా ఆ తాత్విక దారిని కాదనేవాళ్లు లేరు. 'ఖాళీ చేతులు' అని చెప్పి వదిలేస్తే ఆయుధం లేని చేతులనే పిల్లలు అనుకుంటారు. 'శూన్యం' అని కూడా చెప్పండి. రెండో రాతి మీద 'ము' (ఏమీ లేకపోవడం) అనే మాట ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది.

నాహా_తే
ఇంత దూరం వెళ్తున్నారు, ఒకినావా కూడా కలుపుకుంటే ఇంకా బాగుంటుంది. ఫునాకోషి పుట్టిన నేల అది. ఆయన పోయిన యాభయ్యో ఏట, 2007లో, నాహాలోని ఓనోయామా పార్కులో ఇంకో స్మారకం పెట్టారు. విమానాశ్రయం నుంచి యుయి రైల్ అనే మోనోరైలెక్కితే మూడో స్టేషనే ఓనోయామా పార్కు. ప్రిఫెక్చర్ బుదోకాన్ (యుద్ధవిద్యల భవనం) కూడా అందులోనే ఉంది. ఇది ఊరి పార్కు, టికెట్టు లేదు.

గోజు-ర్యు అనే కరాటే శైలివాళ్లకు ముఖ్యమైనది మత్సుయామా పార్కు. హిగావోన్నా కాన్‌ర్యో, ఆయన శిష్యుడు మియాగి చోజున్, ఇద్దరికీ కలిపి 1987లో పెట్టిన స్మారకం ఉంది. కెంచో-మే స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు. పక్కనే ఫుకుషూ-ఎన్ అనే చైనా తీరు తోట. హిగావోన్నా చైనాలో ఫుజౌ వెళ్లి నేర్చుకున్నారు, తోట కూడా ఆ ఊరి పేరుదే. పిల్లలకు రెండింటినీ కలిపి చూపిస్తే చరిత్ర ఒక్క నడకలో తెలిసిపోతుంది. 2017లో తోమిగుసుకులో తెరిచిన కరాటే కైకాన్‌లో ప్రదర్శనశాల ఉంది. కటా వేయాలన్న పిల్లల కోరికకు తగిన చోటు అదే, ముందే బుక్ చేసుకుంటే డోజో దొరుకుతుంది.

ఒకినావాలో మే నుంచి జూన్ వరకు వానలు. ఏప్రిల్ ఆఖరైతే పర్వాలేదు.

గుడిమెట్లు
శిల చూసి వెంటనే వెనక్కి రాకండి మాస్టారూ. వందనం, చదవడం, ఫోటోలు అన్నీ కలిపినా శిల దగ్గర ఇరవై నిమిషాలకు మించదు. ఆవరణకు గంటన్నర పెట్టుకోండి. పెద్ద గంట తప్పకుండా చూడాలి. 1301లో పోతపోసిన జాతీయ నిధి, ఎత్తు రెండున్నర మీటర్లకు పైనే. దానికి మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కిందే ఆగొచ్చు. వాన పడితే ఆ రాళ్లు జారుతాయి, అరిగిన అడుగున్న బూట్లు వద్దు. బుద్ధుడి అవశేషమున్న షారిదెన్‌లోకి మామూలు రోజుల్లో రానివ్వరు, దాని కోసం వెతుక్కోవద్దు.

స్టేషన్‌కు తిరిగొచ్చేటప్పుడు పట్టాలకు అవతల చిన్న కొలను చూపించండి. గుడిదే అది. 1889లో యోకోసుకా నౌకా కేంద్రానికి రైలు వేస్తూ ఆవరణను చీల్చుకుంటూ పోయారు. మీరు వచ్చిన రైలు నడిచేది గుడి నేల మీదే.

ఓరుగల్లు_డోజో
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇట్ల అనుకున్నం. 27న పొద్దున ఏడుకు షింజుకులో రైలెక్కి ఎనిమిదిన్నరకల్లా గుడి దగ్గర. 5,500 యెన్లు ఒక కవర్ల. ఏడక్షరాల కాగితం ఒక్కొక్కరికి. గీ, కొబ్బరికాయ, పతకాలు ఇంట్లనే. శిల ముందు ఒక్క వందనం, తర్వాత రెండో రాయి నేను తెలుగుల చదివి వినిపిస్త, గొంతు తగ్గించి. కటా కోసం ఒకినావాకు రెండు రోజులు కలుపుతున్నం, కరాటే కైకాన్‌కు ఈ వారమే రాస్త. ఏమైనా మరిచిపోయిన్నా?

యోకోసుకా_లైన్
అంతా బాగానే ఉంది. ఒక్కటే. షింజుకు నుంచి అంటున్నారు కాబట్టి మళ్లీ చెప్తున్నా, బోర్డు మీద జుషి అని ఉన్న రైలే. పొరపాటున ఒదవారా బండి ఎక్కితే కంగారుపడకండి, ఓఫునాలో అందరినీ దింపేసి యోకోసుకా లైన్‌కు మారండి, అక్కణ్నుంచి ఒక్క స్టేషనే. ఓఫునా పేరు పిల్లలకు కూడా నేర్పండి. రద్దీలో ఎవరైనా వేరే పెట్టెలో ఉండిపోతే దిగాల్సిన చోటు వాళ్లకూ తెలిసి ఉంటుంది.